వ్యంగ్యం వేరు, వెటకారం వేరు, అధిక్షేపం వేరు

ఒకాయన ఇంకొకాయన్ని రూపం గురించో కులం గురించో నోటికొచ్చినట్టు అంటాడు. నలుగురూ నిలదీస్తే "వ్యంగ్యంగా అన్నానండీ, మీకే అర్థం కాలేదు" అని తప్పించుకుంటాడు. ఇంకోచోట ఒక రచయిత ఒక వ్యవస్థలోని లోపాన్ని నిజంగానే వ్యంగ్యంగా రాస్తే "మమ్మల్ని తిట్టాడు" అంటూ ఆయన మీద ఫిర్యాదు వెళ్తుంది. అక్కడ తిట్టు వ్యంగ్యంగా చలామణీ అయింది, ఇక్కడ వ్యంగ్యం తిట్టుగా శిక్ష పడే దాకా వచ్చింది. రెండు పొరపాట్లకీ మూలం ఒక్కటే. వేరువేరు పనులు చేసే అరడజను మాటల్ని మనం 'వ్యంగ్యం' అనే ఒక్క మాట కింద కలిపేస్తున్నాం. ఈ తేడాలు చెప్పడానికి తెలుగులో మాటల కరువు లేదు. వాటిని విడదీసి వాడటమే తగ్గిపోయింది.

ముందు వ్యంగ్యం సంగతి చూద్దాం. అలంకారశాస్త్రంలో ఈ మాటకు ఎగతాళితో సంబంధమే లేదు. మాటకు పైకి కనిపించే అర్థం వాచ్యం. అది కుదరనప్పుడు పక్కకు జరిగి తీసుకునే అర్థం లక్ష్యం. ఈ రెంటినీ దాటి వినేవాడి మనసుకు తట్టే అర్థం వ్యంగ్యం. 9వ శతాబ్దంలో కశ్మీరులో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో కావ్యానికి ప్రాణం ఈ మూడోదేనని వాదించాడు. తర్వాత 11వ శతాబ్దంలో మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో చూపిన ఉదాహరణ చాలా తేలికైనది: "సూర్యుడు అస్తమించాడు." పశువుల కాపరికి ఆ మాట మందను ఇంటికి మళ్లించమని చెబుతుంది. సంధ్య వార్చేవాడికి వేళయిందని గుర్తుచేస్తుంది. అంగడివాడికి సరుకు సర్దుకోమని, ప్రియుడి కోసం ఎదురుచూసే ఆమెకు అతను వచ్చే సమయమైందని తోపిస్తుంది. ఇందులో ఎవరూ ఎవరినీ వెక్కిరించడం లేదు. అయినా ఇదంతా వ్యంగ్యమే.

మరి ఎగతాళి ఎక్కడ చేరింది? దానికీ మమ్మటుడి దగ్గరే దారి దొరుకుతుంది. తనకు ద్రోహం చేసిన వాడితో ఒకడు అనే మాటల్ని ఆయన ఉదాహరించాడు. భావం ఇది: నాకు ఎంతో మేలు చేశావు, వేరే చెప్పాలా, నీ మంచితనం లోకానికంతా తెలిసింది, మిత్రమా, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు. ఒక్క కఠినమైన మాట లేదు. అన్నీ దీవెనలే. కానీ ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో తెలిసినవాడికి ప్రతి దీవెనా తలకిందులుగా వినిపిస్తుంది. పైకి చెప్పిన అర్థాన్ని పూర్తిగా తోసిపారేయాలి కాబట్టి ఈ రకానికి 'అత్యంత తిరస్కృత వాచ్యం' అని పేరు పెట్టారు. ఈ రోజు మనం మామూలుగా వ్యంగ్యం అనేది ఈ ఒక్క రకాన్నే. పెద్ద ఇంటి పేరు అందులోని ఒక చిన్న గదికి మాత్రమే మిగిలినట్టయింది.

ఈ తలకిందుల పని మన రోజువారీ తెలుగులో ఎంత లోతుగా ఇంకిపోయిందంటే, కొన్ని మాటలు తమ మంచి అర్థాన్ని పూర్తిగా పోగొట్టుకున్నాయి. 'ఘనకార్యం' అంటే గొప్ప పని. కానీ "ఏం ఘనకార్యం చేశావు?" అని అడిగితే మెచ్చుకుంటున్నారని ఎవరూ అనుకోరు. 'నిర్వాకం' అంటే ఒకప్పుడు పనిని చక్కగా నిర్వహించడం. ఇప్పుడు నిర్వాకం అంటే పాడుచేసిన పనే. 'వెలగబెట్టడం' అన్నా, 'ఉద్ధరించడం' అన్నా, 'ఊడబొడవడం' అన్నా అంతే. పొగడ్తగా మొదలైన మాట, వెటకారంలో అరిగి అరిగి, చివరికి నిందగానే స్థిరపడింది.

మాటలే కాదు, మర్యాదలు కూడా ఈ పనికి దిగుతాయి. "నువ్వు" అనే మనిషిని ఉన్నట్టుండి "తమరు" అంటే అది గౌరవం కాదని ఇద్దరికీ తెలుసు. రావడం 'వేంచేయడం' అయితే, చెప్పడం 'సెలవివ్వడం' అయితే ఏదో తేడా ఉందన్నమాట. వాక్యం చివర చేరే 'లే' చూడండి. "బాగా చేశావు" అంటే మెచ్చుకోలు. "బాగానే చేశావులే" అంటే చురక. 'అబ్బో', 'మహా', 'పాపం' కూడా ఇలాంటివే. "పాపం, ఆయనకేం తెలుసు!" అనే మాటలో జాలి ఎంత, పోటు ఎంత అన్నది గొంతును బట్టే తెలుస్తుంది.

వెటకారానికి ఈ గొంతే ప్రాణం. వెటకారం ఎదుటి మనిషి ఉంటేనే సాగుతుంది, ఆ మనిషిని గుచ్చడమే దాని పని. దాని వెనక లోకం గురించిన ఆలోచన ఉండాల్సిన పనిలేదు. దీని చుట్టాలు చాలామంది. ఒక చిన్న సందర్భం తీసుకుంటే వాళ్ల పోలికలు తెలుస్తాయి. పది గంటల మీటింగుకు ఒకతను పదకొండున్నరకు వచ్చాడనుకుందాం. చనువున్నవాడు "ఏం బావా, రేపటి మీటింగుకు ముందుగానే వచ్చేశావా?" అంటాడు. ఇది పరాచికం, వేళాకోళం. అన్నవాడూ విన్నవాడూ కలిసి నవ్వుతారు. చనువు లేనివాడు అదే మాటను కాస్త సాగదీసి, "అబ్బో, తమరు ఇంత పెందలాడే వేంచేశారే!" అంటే అది వెటకారం. "పోయినసారీ ఇంతే. నీ పని కూడా నేనే చేసి పెట్టాను, గుర్తుందా?" అంటే దెప్పిపొడుపు, పాత లెక్క తీయడం దాని గుర్తు. అతను రొప్పుతూ వచ్చిన తీరును ముఖం తిప్పి అనుకరిస్తే వెక్కిరింపు. "వీడి బతుకే అంత" అంటే హేళన. అక్కడ ఆలస్యం మరుగున పడి మనిషి మొత్తం చిన్నబోతాడు. ఎద్దేవా, గేలి, అవహేళన అన్నీ ఈ చివరి దాని దగ్గరివాళ్లే. ఇప్పుడు గోడ మీద ఒక నోటీసు ఊహించండి: "సమావేశం పది గంటలకు. సభ్యులు ఆనవాయితీ ప్రకారం పదకొండున్నరకు రావాలని మనవి." ఇక్కడ ఏ ఒక్కరి పేరూ లేదు. దెబ్బ తగిలింది అలవాటుకు. ఆ నోటీసు రాసినవాడు కూడా ఆ అలవాటులో భాగమే కావచ్చు. మనం సెటైర్ అనేది ఇక్కడ మొదలవుతుంది.

సెటైర్‌కు తెలుగు విమర్శలో స్థిరపడిన పేరు అధిక్షేపం. ఆక్షేపించడం, తప్పుపట్టడం దాని మూలార్థం. ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. వ్యంగ్యం చెప్పే తీరు, అధిక్షేపం చెప్పే ఉద్దేశం. ఒకటి లేకుండా రెండోది ఉండొచ్చు. సూర్యుడు అస్తమించాడన్న మాటలో వ్యంగ్యం ఉంది, అధిక్షేపం లేదు. వేమన పద్యం చూస్తే దీనికి ఎదురు ఉదాహరణ దొరుకుతుంది:

పిండములను జేసి పితరుల దలపోసి
కాకులకును బెట్టు గాడ్దెలార
పెంట దినెడు కాకి పితరు డెట్లాయెరా
విశ్వదాభిరామ వినురవేమ

ఇందులో దాపరికం ఏమీ లేదు. 'గాడ్దెలార' అని ముఖం మీదే తిట్టాడు. కానీ పద్యం నిలబడింది ఆ తిట్టు మీద కాదు, మూడో పాదంలోని ప్రశ్న మీద. పెంట తినే కాకి నీ తాత ఎలా అయ్యాడని అడుగుతున్నాడు. దానికి జవాబు చెప్పాలంటే నమ్మేవాడు తన ఆచారాన్ని తానే పరీక్షించుకోవాలి. ఆ ప్రశ్న తీసేసి చూడండి, మిగిలేది ఉత్త దూషణ. అధిక్షేపాన్ని తిట్టు నుంచి వేరు చేసేది మాట కటువుదనం కాదనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు కనిపించలేదు. బండమాట వాడి కూడా అధిక్షేపం చేయొచ్చు, అందమైన మాటలతో కూడా ఉత్త హేళన చేయొచ్చు.

మనవాళ్లు ఈ విద్యను దేవుడి మీద చూపించినంత స్వేచ్ఛగా మరెవరి మీదా చూపించలేదేమో. దానికి నిందాస్తుతి అని పేరు. నింద పైన, స్తుతి లోపల. అలంకారంగా చెబితే వ్యాజస్తుతి. నీళ్లు దొరకని పల్నాట దాహంతో శ్రీనాథుడు చెప్పాడని ప్రతీతిగా వస్తున్న చాటువు చాలామందికి నోటికొచ్చు:

సిరిగలవానికి చెల్లును
తరుణుల పదియారువేల తగ పెండ్లాడన్
తిరిపెమునకిద్దరాండ్రా?
పరమేశా! గంగ విడుము, పార్వతి చాలున్

డబ్బున్న కృష్ణుడు పదహారు వేలమందిని చేసుకున్నా చెల్లుతుంది, అడుక్కునే నీకు ఇద్దరు పెళ్లాలా అని శివుణ్ణి అడగడం. పైకి పరిహాసం. కానీ 'గంగ విడుము' అన్న రెండు మాటల్లో దాహంతో ఉన్నవాడి ప్రార్థన మొత్తం దాగి ఉంది. 'నీళ్లివ్వు స్వామీ' అని నేరుగా అడిగి ఉంటే ఈ పద్యం ఇన్ని వందల ఏళ్లు బతికేది కాదు.

కాసుల పురుషోత్తమ కవి 'ఆంధ్రనాయక శతకం' ఈ ధోరణికి పెట్టింది పేరు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్ర విష్ణువుతో ఆయన అనేదేమిటంటే, జగత్తును మోసేవాడివన్న పేరు నీ భార్య భూదేవి వల్ల వచ్చింది, సంపదలిచ్చేవాడివన్న పేరు లక్ష్మి వల్ల వచ్చింది, కొడుకు బ్రహ్మ సృష్టి చేసి, కూతురు గంగ పాపాలు కడిగి నీకు కీర్తి తెచ్చిపెట్టారు, అంతేగానీ "మొదటి నుండియు నీవు దామోదరుడవె" అని. నడుముకు తాడు కట్టించుకున్నవాడివే అన్న అర్థం తప్ప అందులో ఘనత ఏమీ లేదన్నట్టు. గోల్కొండ చెరసాలలో రామదాసు చేసింది ఇంకోరకం. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా" అంటూ తాను చేయించిన నగలు పేరుపేరునా లెక్కచెప్పాడు. ఇది అచ్చమైన దెప్పిపొడుపు. వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఆయాసపడొద్దని వేడుకున్నాడు కూడా. నింద, భక్తి, బాధ ఒక్క గొంతులో ఎలా ఇముడుతాయో చూడాలంటే ఆ కీర్తన వినాలి.

మనుషుల రాజ్యం మీదికి వచ్చేసరికి 1907 నాటి చిలకమర్తి లక్ష్మీనరసింహం పద్యం నాకు అన్నిటికన్నా ముందు గుర్తొస్తుంది. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పటి మాట అది.

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారను గడుసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

పన్నులు, ఎగుమతులు, చట్టాలు అని ఉపన్యాసమిస్తే గంట పట్టే విషయం నాలుగు పాదాల్లో అయిపోయింది. 'మూతులు బిగియగట్టి' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. లేగదూడ తల్లి పాలు తాగకుండా మూతికి చిక్కం కట్టడం పల్లెలో అందరూ చూసిందే. నోరు కట్టేయడం అంటే తిండి ఆపడమే కాదు, మాట ఆపడం కూడా. రెండో అర్థం ఎక్కడా చెప్పలేదు, తోపించాడు. ఇక్కడ వ్యంగ్యం, అధిక్షేపం ఒకదానికొకటి తోడయ్యాయి. శాస్త్రం చెప్పిన పాత వ్యంగ్యమూ, మనం ఇప్పుడు అనే కొత్త వ్యంగ్యమూ ఒకే చోట పనిచేసిన పద్యం ఇది.

వచనంలో ఈ కలయిక మరింత మెలికతో ఉంటుంది, ఎందుకంటే అక్కడ పాత్ర ఒకటి, రచయిత ఒకరు. 1892లో మొదట ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాసిన 'కన్యాశుల్కం'లో గిరీశం "ఒపీనియన్స్ అప్పుడప్పుడు ఛేంజ్ చేస్తూంటేనే గాని పొలిటిషన్ కానేరడు" అంటాడు. గిరీశం ఇక్కడ వెటకారం చేయడం లేదు. తనకు తాను గొప్ప సూత్రం చెబుతున్నాననే అనుకుంటున్నాడు. వ్యంగ్యం గురజాడది. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుస్తుంది, ఆ తేడాలోంచి నవ్వు పుడుతుంది. అందుకే "గిరీశం వ్యంగ్యంగా అన్నాడు" అని రాసే పరీక్ష జవాబు తప్పు. అన్నవాడు ఎవరు, దాని వెనక ఉన్నవాడు ఎవరు అన్నది విడదీయకపోతే సెటైర్ సగానికి పైగా చేజారిపోతుంది.

పాశ్చాత్యుల్లో దీనికి హద్దు చూపించినవాడు జొనాథన్ స్విఫ్ట్. 1729లో ఐర్లండ్ పేదరికం గురించి ఆయన ఒక ప్రతిపాదన అచ్చువేశాడు. ఏటా పుట్టే పేదపిల్లల్లో తల్లిదండ్రులు పోషించలేనివాళ్లు 1,20,000 మంది అని లెక్కగట్టి, 20,000 మందిని సంతానం కోసం ఉంచి, మిగిలిన 1,00,000 మందిని ఏడాది నిండగానే ధనికుల భోజనానికి అమ్మితే సమస్య తీరుతుందని రాశాడు. గొంతు ఎక్కడా పెరగదు. ప్రజాహితం కోరే లెక్కల మనిషి ఎంత శాంతంగా మాట్లాడతాడో అంత శాంతంగా ఉంటుంది. మనుషుల్ని అంకెలుగా చూసే పాలకుల భాషనే తీసుకుని, దాన్ని చివరిదాకా నడిపించి, అది ఎక్కడికి చేరుతుందో చూపించాడు. వెటకారంలో ఉండే గొంతు సాగదీత ఇందులో వెతికినా కనిపించదు. మన దగ్గర కందుకూరి వీరేశలింగం 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' రాసినప్పుడు ఆయనకు దారి చూపింది ఇదే స్విఫ్ట్ రాసిన గలివర్ కథ.

పేరడీ, ప్రహసనం లాంటివి ఉద్దేశాల పేర్లు కావు, రూపాల పేర్లు. ఒక కవితను దాని నడక చెడకుండా వేరే విషయానికి తొడిగితే పేరడీ. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రికి పేరడీ శాస్త్రి అనే పేరే వచ్చింది. పేరడీ వెనక తరచు ఉండేది ఇష్టం, ద్వేషం కాదు. ఎందుకంటే ఒక కవి నడకను అంత దగ్గరగా పట్టుకోవాలంటే ఆ కవిని ఎన్నోసార్లు చదివి ఉండాలి. ప్రహసనం అంటే నవ్వు పుట్టించే చిన్న నాటకం. అది చాలా పాతది, 7వ శతాబ్దంలోనే పల్లవ మహేంద్రవర్మ 'మత్తవిలాస ప్రహసనం' రాశాడు. చెణుకు, ఛలోక్తి చిన్నవి, వచ్చి పోతాయి. ఇప్పటి పంచ్, కౌంటర్ కూడా ఆ కోవలోవే.

ట్రోలింగ్‌ను ఎక్కడ పెట్టాలి? భరతుడి నాట్యశాస్త్రం నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు రకాలు చేసింది. కానీ ఆ విభజన నవ్వేవాడి స్థాయిని, పళ్లు కనిపించాయా, కళ్లలో నీళ్లొచ్చాయా అన్నదాన్ని బట్టి చేసింది. ఎవరి మీద నవ్వుతున్నామన్నది ఆ లెక్కలోకి రాదు. ఆ ప్రశ్నకు సామెత దగ్గరకు వెళ్లాలి: పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వేలమంది కలిసి ఒక మామూలు మనిషి ఫొటో పెట్టి రంగును, లావును, యాసను గేలి చేస్తే అందులో పరీక్షకు నిలిచే ఆలోచన ఏదీ లేదు. మార్చుకోవడానికి వీలైన తప్పు ఏదీ చూపించలేదు. దానికి హేళన అనే పేరు ఉంది, ఆ పేరుతోనే పిలవాలి. అదే ఒక అధికారి ఇచ్చిన హామీ పక్కన అతని పాత మాటను పెట్టి మీమ్ చేస్తే, అది ఎంత నాసిరకంగా ఉన్నా అధిక్షేపమే.

మన అధిక్షేప సాహిత్యం ఈ పరీక్షలో ప్రతిసారీ నెగ్గలేదని ఒప్పుకోవాలి. 18వ శతాబ్దపు కూచిమంచి జగ్గకవి, పోషకుడైన ప్రభువు మీద కోపంతో 'చంద్రరేఖా విలాపం' రాశాడంటారు. మాట తప్పిన ప్రభువును నిలదీయడం న్యాయమే. కానీ కావ్యంలో దెబ్బలన్నీ ఆ ప్రభువుతో పాటు చంద్రరేఖ అనే వేశ్య ఒంటి మీద కూడా పడ్డాయి. ఆమె ఆ కవికి ఏ మాటా ఇవ్వలేదు. ఆ పుస్తకంలో పద్యవిద్య ఉంది, ధైర్యం ఉంది. ఆ ధైర్యం బలహీనురాలి దగ్గర ఎందుకు అంత రెచ్చిపోయిందన్నది నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

ఈ మాటల్ని విడదీయకపోతే ఏమవుతుందో చట్టం దగ్గర కూడా చూశాం. ఐటీ చట్టానికి 2008 సవరణతో వచ్చిన 66ఎ సెక్షన్, తీవ్ర అభ్యంతరకరమైన సందేశాన్నీ, చిరాకు, అసౌకర్యం కలిగించాలని పంపే కొన్ని రకాల సందేశాలనూ నేరం చేసింది. చిరాకు పుట్టించని సెటైర్ ఎక్కడుంటుంది? 2012లో ముఖ్యమంత్రి మీద వేసిన ఒక కార్టూన్‌ను ఫార్వర్డ్ చేసినందుకు కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ను అరెస్టు చేశారు. మాటలు మరీ అస్పష్టంగా ఉన్నాయంటూ 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. పరువునష్టం మాత్రం నేరంగా కొనసాగుతోంది. కాబట్టి ఒక వ్యక్తి గురించి అబద్ధాన్ని నిజమని చెప్పడానికీ, అందరికీ తెలిసిన నిజాన్ని పెంచి చూపించడానికీ ఉన్న తేడా రాసేవాళ్లకు బాగా తెలిసి ఉండాలి.

ఇంకో చిక్కు ఫోన్లతో వచ్చింది. నవ్వు కోసం రాసిన ఉత్తుత్తి వార్త, అది అచ్చయిన చోటు పేరు కత్తిరించుకుని స్క్రీన్‌షాట్‌గా తిరిగితే నిజం వార్త అయిపోతుంది. గొంతు వినపడదు, ముఖం కనపడదు, రాసిన మనిషి ఎవరో తెలియదు. వ్యంగ్యాన్ని పట్టిచ్చే గుర్తులన్నీ ఒకేసారి పోతాయి. పైన 'ఇది వ్యంగ్యం' అని రాస్తే పదును తగ్గుతుందని రచయితలు అంటారు, అది నిజమే. అయినా మందులు, పరీక్షలు, ఎన్నికల తేదీలు, మత ఘర్షణలు లాంటి విషయాలైతే ఆ ముక్క బొమ్మలోనే, కత్తిరించడానికి వీల్లేని చోట రాయాలంటాను. పద్యానికీ నాటకానికీ కథకూ దాని అవసరం లేదు. వాటి రూపం చూడగానే చదివేవాడు అప్రమత్తమవుతాడు.